తుమ్మలవంక బడిపిల్లల చేతి పొంగు

కడప జిల్లా, రాయచోటి తాలూకా, తుమ్మలవంక గ్రామంలో కాపురముండు దూదేకుల దస్తగిరి, తండ్రి ఫకీరయ్య, జిల్లా ఆరోగ్యశాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు చేతులు జోడించి పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి బడిలో పిల్లల చేతులకు క్షయ సూది వేసిన మీదట, చేయి పొంగిన పిల్లల మీద ఊరు పెట్టిన కట్టుబాటు తీయించుట గురించి, సదరు పిల్లల రొమ్ములకు ఎక్స్‌రే పటం తీయించుట గురించి, మరియు ఒక మనిషికి ఒక మంచం గురించి.

తమ శాఖ మీద గాని, సూది వేసిన డాక్టరు గారి మీద గాని ఫిర్యాదు చేయుటకు నేను ఈ కాగితం పట్టలేదు. ఆయన మంచికే వచ్చినారు. ఆయన వెళ్లిన తర్వాత మా ఊళ్లో జరిగినది జరిగినట్టు కింద వివరించుకొనుచున్నాను. ఓపికతో కడదాకా చదివించుకోవలెనని మొదటి మనవి.

1. అర్జీదారుడనైన నేను పుట్టి పెరిగింది తుమ్మలవంకలోనే. మా వృత్తి దూది ఏకడం. చలికాలం ముందు విల్లు భుజాన వేసుకొని చుట్టుపక్కల పల్లెలు తిరిగి పరుపులకు, బొంతలకు దూది ఏకి ఇస్తాను. రాయచోటిలో ఐదో తరగతి చదివినాను గనుక ఊరివాళ్ల అర్జీలు నేనే రాస్తుంటాను. శిస్తు మాఫీకి రాసినాను. బావి పూడికకు రాసినాను. కరువు పనులకు రాసినాను. నా సొంతానికి ఇంతవరకు ఒక్కటీ రాయలేదు. అందుచేత ఇందులో కచేరీ మాటలు కొన్నిచోట్ల నిలబడి, కొన్నిచోట్ల జారిపోతే క్షమించవలెను. నా భార్య పేరు మస్తానమ్మ. మాకు ఒక్కతే బిడ్డ, హుసేనమ్మ. దానికి తొమ్మిదో ఏడు నడుస్తున్నది.

2. మా ఊరి బడికి రెండు భాగాలు. బయట వసారా, లోపల ఒక గది. వసారాలో పెద్ద తరగతుల పిల్లలకు చిన్న అయ్యవారు చెప్తారు. లోపలి గదిలో చిన్న పిల్లలకు పెద్ద అయ్యవారు గాబ్రియేలు గారు చెప్తారు. ఆ గదికి తలుపు ఒకటే. కిటికీ ఉన్న గోడ ఒక వానకు కూలితే, తిరిగి కట్టినప్పుడు కిటికీ పెట్టకుండా పూడ్చేసినారు. ఎండాకాలం చల్లగా ఉంటుందని అందరం మెచ్చుకున్నాము. ఈ సంగతి తమరు జ్ఞాపకం ఉంచుకోవలెను.

గాబ్రియేలు అయ్యవారు జమ్మలమడుగు వైపు మనిషి. ఆయన భార్య కృపమణి. ఆయన రాకముందు మా బడిలో ఆడపిల్ల అన్నది లేదు. ఇంటింటికీ తిరిగి, కొట్టంలో పేడ ఎత్తే పిల్లలను, మేకల వెంట పోయే పిల్లలను బతిమాలి తెచ్చుకున్నారు. నా బిడ్డను పంపమని నా గడపలో కూర్చొని, నేను ఊ అనేదాకా కదలలేదు.

3. పోయిన మాఘమాసంలో సూది డాక్టరు గారు వచ్చినారు. అరవం మాట్లాడే మనిషి, ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. పిల్లలందరికీ ముంజేతి మీద చర్మం కింద చిన్న సూది వేసినారు. మూడోనాడు మళ్లీ వచ్చి ఒక్కొక్క చేయి పట్టి, వేలితో తడిమి, చిన్న బద్దతో కొలిచినారు. కొందరి చేతులు మామూలుగానే ఉన్నాయి. కొందరి చేతుల మీద ఎర్రగా గట్టిగా బిళ్ల కట్టింది. నా బిడ్డది అందులో ఒకటి. "నాయనా, నాది అందరికంటే పెద్దది" అని అది సంబరంగా ఎత్తి చూపింది. ఏదో బహుమానం వచ్చినట్టు.

తర్వాత డాక్టరు గారు చావడి దగ్గర నిలబడి పెద్దవాళ్లకు చాలాసేపు చెప్పినారు. ఇంగ్లీషులో చెప్పినారు. దాన్ని తెలుగు చేసింది మా ఊరి సుంకప్ప. ఈయన పోయిన యుద్ధంలో బస్రా దాకా వెళ్లి వచ్చిన సిపాయి. ఆయనకు ఇంగ్లీషు వచ్చునని ఊరంతా నమ్మకం, అందరికంటే ఎక్కువ ఆయనకు నమ్మకం. డాక్టరు గారు ఎంతో పొడుగ్గా చెప్పిన మాటలను ఆయన ఒక్క ముక్కలో తేల్చినారు.

"చెయ్యి పొంగినోల్లకు క్షయ ఉండాది. పొంగనోల్లకు లేదు. అంతే."

చెప్పిన తర్వాత ఆయన ముఖం పాలిపోయింది. ఎందుకంటే ఆయన మనవడి చేయి కూడా పొంగింది.

గాబ్రియేలు అయ్యవారు అప్పుడు బడిలో ఏడ్చే పిల్లలను ఊరడిస్తూ ఉన్నారు. సంగతి విని పరుగున వచ్చి, "రోగమని అనుండరప్పా డాక్టరు గారు. నాకు వచ్చిన ఇంగ్లీషు తక్కువే గానీ, బడిలో ఆయన నాతో ఆ మాట అనలేదు" అన్నారు. అప్పటికి డాక్టరు గారి మోటారు వంక దాటిపోయింది. పొంగిన పిల్లలకు ఎక్స్‌రే పటం తీయించే దినం జాబు రాసి తెలియజేస్తామని చెప్పి పోయినారట. రాసినారేమో, మా ఊరికి అందలేదు. ఇక్కడికి టపా వచ్చేది వారానికి ఒకసారి, అదీ వంకలో నీళ్లు లేకుంటే.

4. ఆ మరునాటి నుంచి జరిగినదానికి తమ రికార్డులలో ఏ పేరు ఉన్నదో నాకు తెలియదు. బొజ్జన్న అని మా ఊరి పెద్దరైతు. చెడ్డవాడు అనను. కలరా వచ్చినప్పుడు ఆయన తమ్ముళ్లిద్దరూ ఒక్క పూటలో పోయినారు. అంటురోగమంటే ఆయనకు ఒళ్లు స్వాధీనంలో ఉండదు. ఆయన చావడిలో నిలబడి, పొంగిన చేతి పిల్లలు చేదబావి గట్టు ఎక్కకూడదని, బడి గడప తొక్కకూడదని కట్టుబాటు పెట్టినాడు. చిన్న అయ్యవారు సరే అన్నారు.

నా బిడ్డ నీళ్లకు పోతే ఆడవాళ్లు చేద వదిలిపెట్టి దూరం జరిగినారు. ఖాళీ బిందెతో ఇంటికి వచ్చి అది ఏడవలేదు. చేతి మీద పొంగును గరుకు రాయితో రుద్దుతూ కూర్చుంది. తోలు లేచి నెత్తురు వచ్చేదాకా రుద్దింది. వాళ్లమ్మ చూసి చేయి పట్టుకుంటే, "అరిగిపోతే రానిస్తారు గదమ్మా" అన్నది.

అయ్యా, ఈ మాట రాసి కలం కింద పెట్టి, కాసేపు బయట తిరిగి వచ్చి మళ్లీ రాయుచున్నాను.

5. గాబ్రియేలు అయ్యవారు మాత్రం వినలేదు. "గడప తొక్కద్దంటిరి గదా, తొక్కరు" అని, బడి వెనక గానుగ చెట్టు కింద ఆ పిల్లలను కూర్చోబెట్టి, పొద్దున లోపలి గదిలో ఒక బడి, మధ్యాహ్నం బయట ఒక బడి చెప్పడం మొదలుపెట్టినారు. ఎండ తిరిగినకొద్దీ నీడను వెంబడించి పిల్లలను జరుపుతూ, తాను ఎండలోనే నిలబడి చెప్పేవారు. బొజ్జన్న ఎదురుపడి, "ఏమప్పా అయ్యవారూ, నీకేం బయం లేదా? నీకంటుకుంటే?" అని అడిగితే, "నా పిల్లోల్ల నుంచి నాకొచ్చేది ఏముంటాదప్పా" అని నవ్వినారు. నవ్వులో దగ్గు వచ్చింది. అప్పుడు ఎవరమూ దాన్ని దగ్గు అనుకోలేదు. సుద్దముక్క పొడి అనుకున్నాము.

6. ఇది ఇట్లుండగా, పిల్లలకు రోగం ఎక్కడినుంచి వచ్చిందని ఊళ్లో ప్రశ్న పుట్టింది. పుట్టిన దినమే బొజ్జన్నకు జవాబు కూడా దొరికింది. జవాబు నేను.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దగ్గే. మా నాయనకూ దగ్గే. దూది నుసి గొంతులో పడితే దగ్గక ఏం చేస్తాము? కానీ బొజ్జన్న లెక్క తప్పని నేనూ గట్టిగా చెప్పలేకపోయినాను. దగ్గేవాడిని నేను, ఇల్లిల్లూ తిరిగేవాడిని నేను, నా బిడ్డ చేతి పొంగే అందరికంటే పెద్దది. ఒక ఇంటివాళ్లు నేను ఏకి ఇచ్చిన పరుపు తెచ్చి నా వాకిట్లో పారేసి, చూస్తుండగానే నిప్పు పెట్టినారు. నేను అడ్డం పోలేదు. నిజమేనేమో అనుకున్నాను. నా ఊపిరే నా బిడ్డ చేతి మీద బిళ్ల కట్టిందేమో అని తలచుకొని, ఆ దినం నుంచి బిడ్డను దగ్గరికి రానీయలేదు. అది వస్తే నేను లేచిపోయేవాడిని. తిండి వసారాలో తినేవాడిని. ఎక్కడ కూర్చున్నా నిలబడబుద్ధి, నిలబడితే నడవబుద్ధి.

7. ఆ బాధ పడలేక ఒక పొద్దున నడిచి రాయచోటి ఆసుపత్రికి పోయినాను. అక్కడి డాక్టరు గారు తెలుగువారే. నా రొమ్ము మీద గొట్టం పెట్టి విని, కఫం పట్టించి, గాజుపలక మీద రుద్ది, రంగు వేసి, యంత్రంలో కన్ను పెట్టి చాలాసేపు చూసినారు. మళ్లీ రమ్మని, మళ్లీ చూసినారు.

"నీలో క్షయ పురుగు కనిపించలేదు. నీది దూది దగ్గు. మూతికి గుడ్డ కట్టుకొని ఏకు" అన్నారు.

నేను సంతోషపడవలసింది. పడలేదు. "మరి నా బిడ్డకు యాడనుంచి వచ్చింది సామీ క్షయ?" అని అడిగినాను.

"క్షయ అని ఎవరన్నారు?"

సుంకప్ప చెప్పిన మాట చెప్పినాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకొని విడమరచి చెప్పినారు. ఆయన మాట నాకు తెలిసినంత రాయుచున్నాను. తప్పుంటే తమరు సవరించవలెను.

"చూడు దస్తగిరీ, చేయి పొంగడం రోగం కాదు. పురుగు ఎప్పుడో ఒంట్లోకి పోయిందని, ఒళ్లు దాన్ని గుర్తుపట్టిందని మాత్రమే ఆ సూది చెప్తుంది. చేనులో విత్తనం పడింది, మొలవలేదు. చాలామందిలో అది ఎన్నటికీ మొలవదు. బిడ్డకు దగ్గుందా? సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుందా? చిక్కిపోతోందా?"

"లేదు సామీ. గంతులేస్తాండాది."

"అయితే మంచి తిండి పెట్టు, కనిపెట్టుకొని ఉండు. ఒకసారి ఎక్స్‌రే తీయించడం అవసరం. బిడ్డను బావి దగ్గరికి రానీయకపోవడం తెలివితక్కువ పని. ఇంత చిన్నపిల్లలు ఒకరికొకరు అంటించుకోవడం బహు అరుదు."

నేను లేచి నమస్కారం పెట్టి వాకిలి దాకా వచ్చినాను. ఆయన మళ్లీ పిలిచినారు.

"ఒక్క ఊళ్లో అంతమంది పిల్లల చేతులు పొంగినాయంటే, వాళ్ల దగ్గర ఎవరో ఒక పెద్దమనిషి దగ్గుతున్నాడు. నువ్వు కాదు, సరే. ఎవరో ఉన్నారు. తలుపులు మూసిన చోట, రోజూ, గంటల తరబడి వాళ్లతో ఉండే మనిషి. ఆ మనిషిని వెతకండి. వెతకకపోతే ఈసారి పొంగని చేతులు వచ్చేసారి పొంగుతాయి."

8. ఆసుపత్రి వాకిట్లోనే నాకు తెలిసిపోయింది. తెలిసిన సంగతిని తెలియనట్టు మోసుకొని ఊరిదాకా నడిచినాను. పొంగినవాళ్లు దాదాపు అందరూ లోపలి గది పిల్లలే. వసారా పిల్లల చేతులు ఒకటీ అరా తప్ప పొంగలేదు. బొజ్జన్న పిల్లలు వసారాలో కూర్చునేవాళ్లు.

ఊరు చేరి నేరుగా బడి వెనక్కి పోయి, గోడ చాటున నిలబడినాను. గానుగ చెట్టు కింద అయ్యవారు పాఠం చెప్తున్నారు. దగ్గు వచ్చినప్పుడల్లా పిల్లలకు వీపు తిప్పి, గోడవైపు వంగి దగ్గి, మళ్లీ తిరిగి చెప్తున్నారు. చొక్కా భుజాల మీద నిలవక జారుతున్నది. వారాల తరబడి ఆ చొక్కా జారుతూ ఉంటే చూస్తూ ఉన్నాను. చూసి ఏమనుకున్నానంటే, అయ్యవారు ఇద్దరి పని చేస్తున్నాడు పాపం అనుకున్నాను.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో తెలుసు. ఊరు ఆయనను తరుముతుంది. పైగా చెప్పేది ఎవరు? దగ్గేవాడు. తన మీది మాట ఇంకొకరి మీదికి తోసినాడంటారు. చెప్పకపోతే లోపలి గదిలో ఇంకా మిగిలిన పిల్లలు ఉన్నారు. పని లేదు, తిండి సహించలేదు. వంక దాకా పోయి తిరిగి వచ్చేవాడిని. అల్లా, నాకు ఈ సంగతి తెలియకుండా ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను.

మస్తానమ్మ ఊరుకోలేదు. నిలదీసి చెప్పించుకుంది. విని, చేతిలోని చేట కింద పెట్టి, "ఇంగేంటికి చూస్తాండావు? పోయి చెప్పు. నీ బిడ్డకంటే ఎక్కువైనాడా ఆయప్ప?" అన్నది.

"ఆయప్ప ఎండలో నిలబడేది ఎవురి కోసమే? మన బిడ్డ కోసం కాదా?"

"అందుకే చెప్పమంటాండా. ఊరికి గాదు. ఆయప్పకే చెప్పు."

నాకు ఆ దోవ తోచనే లేదు. అంత రాసినవాడిని, ఇన్ని అర్జీలు రాసినవాడిని, చెప్పవలసింది పైవాళ్లకేనని అనుకుంటూ కూర్చున్నాను.

9. ఆదివారం ప్రార్థన అయినాక వాళ్లింటికి పోయినాను. కృపమణమ్మ పీట వేసింది. నేను కూర్చోలేదు. అయ్యవారు మంచం మీద ఒరిగి ఉండి, నన్ను చూసి లేచినారు.

"దస్తగిరప్పా, రాయచోటికి పోయినావంట గదా. ఏమన్యారు డాక్టరు?"

"నాకు లేదన్యారు అయ్యవారూ."

"దేవునికి స్తోత్రం. మరి మొగమేంటికి అట్ల పెట్టినావు?"

డాక్టరు గారు చెప్పినదంతా విత్తనం దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పినాను. తలుపులు మూసిన చోటు అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయెత్తి ఆపినారు. లేచి పోయి ఇంటి తలుపు బార్లా తీసి, గడప అవతల నిలబడినారు. నాకు దూరంగా.

"సాయంత్రమైతే జెరం తగుల్తాంది" అన్నారు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "అలుపనుకున్యా. లోపలి గదిలో పిల్లోల్లు... గోడకు కిటికీ పెట్టమని నేనన్నా అడిగింటే..."

కృపమణమ్మ ఒక్కసారిగా నామీదికి లేచింది. "ఏమప్పా, నువ్వు మనిషివేనా? నీ బిడ్డకు అచ్చరాలు చెప్పిన పాపానికా ఈ మాట? పో బయటికి!"

"మణీ, ఆయప్పనేమనొద్దు" అన్నారు అయ్యవారు. "ఇంత దూరమొచ్చి నా మొగం మింద చెప్పినాడు. ఊరికి చెప్పింటే మనం యాడుందుము?"

ఆమె గోడకు ఆనుకొని జారి కూర్చుంది. నేను ఏడ్చినాను. ఆయన ఏడవలేదు. మరునాడు బండి కట్టించి నేనే ఆయనను రాయచోటికి తీసుకుపోయినాను. ముందు ఎద్దుల దగ్గర నన్ను కూర్చోమని, తాను బండి వెనక కొసన, గాలి వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నారు.

యంత్రంలో పురుగు కనిపించింది. ఒకటీ రెండూ కాదన్నారు. కృపమణమ్మ కఫం కూడా పరీక్ష చేసినారు, ఆమెలో లేదు. డాక్టరు గారు దాచకుండా చెప్పినారు: ఈ రోగాన్ని చంపే మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు, విశ్రాంతి, తిండి, మంచి గాలి, అవసరమైతే ఊపిరితిత్తికి గాలి పట్టించే చికిత్స ఉన్నాయి, అవి మదనపల్లె దగ్గరి క్షయరోగుల ఆసుపత్రిలో దొరుకుతాయి. త్వరగా చేరితే బతికే అవకాశం బాగా ఉన్నదన్నారు. అక్కడ మంచం ఖాళీ కావాలి, పెద్ద అధికారి సిఫారసు ఉంటే మేలన్నారు. ఆ అధికారి తమరు.

10. ఊరికి తిరిగి వచ్చిన దినమే అయ్యవారు చావడి దగ్గర జనాన్ని పిలిపించినారు. తాను దూరంగా, మూతికి తుండు కట్టుకొని నిలబడినారు.

"అప్పా, పిల్లోల్లది తప్పేం లేదు. దస్తగిరప్పదీ కాదు. క్షయ నాకుండాది. నా నుంచే పిల్లోల్లకు సోకింది. నాకు తెలీదు. తెలిసినంక దాచలేక చెప్తాండా. వాల్లకు రోగం లేదు. వాల్ల నుంచి మీకేమీ రాదు. వాల్లను బాయికాడికి రానీండి. నేను బడికి రాను."

బొజ్జన్న ముందుగా తేరుకున్నాడు. అయ్యవారిని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. నావైపు తిరిగి, "నీ దగ్గు కడుక్కొనేకి ఆయప్ప మింద రుద్దినావు" అన్నాడు. ఈ మాట వస్తుందని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా తగిలింది.

ఊరి బయట నేను దూది ఏకే కొట్టం ఉన్నది. మూడు వైపులా గోడ, ఒక వైపు బయలు. దూదంతా తీసి, పేడతో అలికి, సున్నం కొట్టి ఆయనను అక్కడ పెట్టినాను. కృపమణమ్మ నా ఇంట్లో మస్తానమ్మతో ఉంటున్నది. ఆయన కంచం, చెంబు వేరే పెట్టి, రోజూ మరుగునీళ్లలో వేసి కడుగుతుంది. నాతో ఇంకా సరిగా మాట్లాడదు.

తర్వాత సుంకప్ప మా ఇంటికి వచ్చినాడు. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరకు, "ఏమప్పా దస్తగిరీ, ఆ డాక్టరు ఒక మాట మాటిమాటికీ అన్యాడు. ఇన్‌ఫెక్షన్ అని. దానికి అర్తమేమి?" అని అడిగినాడు.

నేను విత్తనం సంగతి చెప్పినాను. ఆయన విని తల వంచుకున్నాడు. ఆయన మనవడిని ఇన్నాళ్లూ గొడ్ల కొట్టంలో పడుకోబెడుతున్నారు. లేచి పోయి తలారి కంబన్న చేత ఊరంతా తప్పెట వేయించినాడు. కంబన్న వెంట తానూ నడిచి, ప్రతి వీధి మొగలో నిలబడి తన నోటితోనే చెప్పినాడు: "నేను చెప్పింది తప్పు. నాకు ఆ మాట రాదు. వచ్చినట్టు చెప్పినా. పిల్లోల్లకు క్షయ లేదు." ఆ వయసులో, ఆ మనిషి నోట ఆ మాట వినడం మాకు కష్టంగా ఉన్నది. కొందరు ఇండ్లలోకి పోయి తలుపు వేసుకున్నారు, సిగ్గుతో.

దాంతో బావి కట్టుబాటు సగం సడలింది. పిల్లలు నీళ్లు తోడుకుంటున్నారు. బడి తలుపు మాత్రం వాళ్లకు తెరుచుకోలేదు. పైనుంచి తెలుగులో కాగితం వస్తే తప్ప ఆ పిల్లలను చేర్చుకోనని చిన్న అయ్యవారు అంటున్నారు. ఆయన భయం ఆయనది.

11. కాబట్టి అర్జీదారుడు తమను వేడుకొనేది ఏమనగా:

చేయి పొంగిన పిల్లలకు రోగం లేదని, వారిని బడికి, బావికి రానీయవలసినదని తమ ముద్రతో తెలుగులో ఒక కాగితం పంపించవలెను. వీలుంటే తెలుగు వచ్చిన డాక్టరు గారినే పంపించవలెను.

ఆ పిల్లల ఎక్స్‌రే పటాలు తీయించవలెను. ఎక్కడికి రమ్మన్నా బండ్లు కట్టుకొని వస్తాము. ఏడాదికొకసారైనా వాళ్లను చూసి, మొలక ఏమైనా వచ్చిందేమో చెప్పవలెను. మాకు చూడటం తెలియదు. బిడ్డ తుమ్మితే గుండె ఆగుతున్నది.

బడి గదికి కిటికీ పెట్టించమని బడి పైఅధికారులకు తమరు ఒక మాట రాయవలెను.

సూదులు వేసే ఊళ్లన్నిటిలో, పిల్లల చేతులు చూసిన దినమే అయ్యవార్లను, ఆయాలను, ఇంట్లో దగ్గే పెద్దలను కూడా చూడవలెనని నాకు తోచినది. నాకు తోచినది తమకు తోచలేదని కాదు.

ఇక గాబ్రియేలు అయ్యవారికి మదనపల్లె దగ్గరి ఆసుపత్రిలో ఒక మంచం ఇప్పించవలెను. తక్కిన నాలుగూ ఆలస్యమైనా ఓర్చుకుంటాము. ఇది ఆగదు. ఆయన పేరు ఈ అర్జీలో రాయవద్దని నేను అనుకున్నాను. రాస్తే ఉద్యోగం పోతుందేమోనని భయం. కొట్టం ముందు నిలబడి అడిగితే, "పేరు లేకుంటే మంచం ఎవురికిస్తారప్పా? రాయి" అన్నారు. అందుచేత రాసినాను. పేరు చూసి శిక్ష వేయవద్దని, మంచం వేయమని ప్రార్థన.

ఇందులో ఉన్నదంతా నిజమని, ఎవరి మీదా కక్షతో రాసినది కాదని ప్రమాణపూర్వకముగా విన్నవించుకొనుచు, తమ దయగల చూపు మా వంకగడ్డ మీద ఒకసారి పడునట్లు చిత్తగించవలెను.

తుమ్మలవంక,
ఫాల్గుణ బహుళం, 1940వ సంవత్సరం.

తమ విధేయుడు,
దూదేకుల దస్తగిరి (వ్రాలు)

తాజా కలం: అయ్యా, కవరు అంటించబోతూ మళ్లీ విప్పినాను. కచేరీ మాటలన్నీ పైన అయిపోయినాయి, ఇక మామూలు మాట రాస్తున్నాను. సాయంత్రం పూట నా బిడ్డ చేనిగట్టు మీద నిలబడి, కొట్టం దిక్కు తిరిగి, ఎక్కాలు గట్టిగా అరిచి అప్పజెప్తుంది. గాలి ఎటు వీస్తున్నదో నేను దుమ్ము ఎగరేసి చూసి, అటు వద్దు ఇటు నిలబడమని చెప్తాను. తప్పు లేకుంటే అయ్యవారు అక్కడినుంచి చెయ్యెత్తుతారు. తప్పుంటే ఎత్తరు. నిన్న బిడ్డ పద్నాలుగో ఎక్కం తప్పు లేకుండా చెప్పింది. నేనూ వెంట లెక్కవేసినాను, తప్పు లేదు. ఆయన చెయ్యెత్తలేదు. "యాడో తప్పినా నాయనా" అని అది మళ్లీ మొదటినుంచి చెప్పింది. మళ్లీ ఎత్తలేదు. మూడోసారి చెప్తూ ఉంటే, మంచం మీద మనిషి మెల్లగా పక్కకు తిరిగి, మోచేతి మీద లేచి, ఇంత చేయి ఎత్తినాడు. బిడ్డ గంతులేసుకుంటూ ఇంటికి పోయింది. నేను పోలేకపోయినాను. అయ్యా, జాబు రాయకపోయినా సరే, మంచం ఖాళీ అయిందని ఎవరి చేతనైనా ఒక మాట చెప్పి పంపండి. బండి కట్టే ఉంచినాను.